అంగన్‌వాడీకి రెండో టీచరు కావాలి

1987లో హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టడం మొదలైంది. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె. అంతకు మించి విశేషమేమీ లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 29 ఊళ్లను ఎంచుకున్నారు. 15 ఊళ్లకు, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం కింద, ఆ ఉప్మా అందింది. మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా చేరలేదు. 1990 దాకా ఇది సాగింది.

ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక, 2003-05 మధ్య, మళ్లీ వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. బొటనవేలి వెడల్పు కూడా లేని తేడా ఇది, నిజమే. కానీ రక్తపరీక్షల్లో ఇంకొకటి తేలింది: వాళ్లలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసూ తక్కువే. ఇంటికొకరు షుగర్ బిళ్లలు మింగుతున్న మన ప్రాంతంలో ఈ మాటకున్న విలువ వేరే చెప్పాలా? 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆ పిల్లలు చదువులోనూ ముందున్నారని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. అయితే ఏ ఊరికి ఉప్మా అన్నది చీటీ తీసి తేల్చలేదు కాబట్టి, ఊళ్ల మధ్య ముందునుంచే ఉన్న తేడాలు కూడా ఇందులో కొంత కలిసి ఉండొచ్చు.

తిండి ఒంటికి పట్టింది. మరి బుర్రకు అదొక్కటే చాలుతుందా?

అదే రోజుల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్లను తీసుకుంది. కొందరికి అదనపు ఆహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికోసారి ఆరోగ్య కార్యకర్త వెళ్లి, ఇంట్లోనే తయారుచేసిన బొమ్మలతో బిడ్డను ఆడిస్తూ, ఎలా మాట్లాడించాలో తల్లికి చూపించింది. రెండేళ్లు అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆటపాటలు అందిన పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువ. ఒక్క ఆహారమే అందినవాళ్లలో అలాంటి తేడా నిలవలేదు.

ఇక మన సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు తెలంగాణలో 2015-16లో 28 శాతం. 2019-21కి 33 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లూ 31 దగ్గరే ఉంది. గుడ్డు, పాలు, బాలామృతం అన్నీ అంగన్‌వాడీ జాబితాలో ఉన్నాయి. లోటంతా సరుకుల దగ్గరే లేదు, మనుషుల దగ్గర కూడా ఉంది.

అంగన్‌వాడీలో పొద్దున పదిన్నరకు ఏం జరుగుతుందో ఎవరైనా చూడొచ్చు. ఆయా పొయ్యి దగ్గర ఉంటుంది. టీచరమ్మ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, బాలింత ముఖం కెమెరాకు సరిగ్గా ఆనేలా నిలబెడుతుంటుంది. పోషణ్ ట్రాకర్ యాప్ ముఖం గుర్తిస్తే తప్ప ఇంటికిచ్చే సరుకు పద్దు పడదు. సిగ్నల్ పోతే మళ్లీ మొదటికి. ఈలోగా బరువు తూయించడానికి ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంటుంది. చాప మీద మూడేళ్ల పిల్లలు, ఐదేళ్ల పిల్లలు కలిసి కూర్చుని గోడమీది అ-ఆల పటం చూస్తుంటారు. ఇవన్నీ అయ్యాక ఇంటింటి సందర్శన, పైవాళ్లు అడిగిన సర్వే. పాఠానికి మిగిలేది ఎంత?

దీనికి తమిళనాడులో ఒక జవాబు దొరికింది. అలెజాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టోఫర్ వాల్టర్స్ నాలుగు జిల్లాల్లో 320 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీ వేసి, సగం కేంద్రాలకు పూట పనికి ఒక అదనపు కార్యకర్తను ఇప్పించారు. ఆమెకు పూర్వ ప్రాథమిక బోధన ఒక్కటే పని. బోధన సమయం రెట్టింపయింది. ఏడాదిన్నర తర్వాత పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. పాత కార్యకర్తకు కాస్త తీరిక దొరికి తల్లుల మీద, బరువుల మీద దృష్టి పెట్టడంతో ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. పెట్టిన ఖర్చుకు రాగల లాభం 13 నుంచి 21 రెట్లని వాళ్ల అంచనా. ఇక్కడ చీటీ తీశారు కాబట్టి ఉప్మా ఊళ్ల మీద వచ్చిన సందేహం దీని మీద రాదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. అడగాల్సిందే. తెలంగాణలో అంగన్‌వాడీ టీచరు గౌరవ వేతనం 13,650 రూపాయలు, కేంద్రాలు 35 వేలకు పైగా. సగం వేతనానికి ఒక మనిషి చొప్పున వేసుకుంటే ఏడాదికి దాదాపు 290 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 11,500 రూపాయలు, 55 వేలకు పైగా కేంద్రాలు. అక్కడ సుమారు 380 కోట్లు. చిన్న మొత్తాలు కావు. అయితే అన్నిచోట్లా ఒక్కసారే వేయనక్కర్లేదు. పిల్లలు ఎక్కువున్న కేంద్రాలతో, ఏజెన్సీ మండలాలతో మొదలుపెట్టి, ఏ కేంద్రానికి ముందో లాటరీతో తేల్చి, ఫలితం కొలిచే పని శాఖకు సంబంధం లేని సంస్థకు అప్పగించొచ్చు. ఉప్మా ఊళ్లను కొలిచిన జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

కొన్ని షరతులు మాత్రం జీవోలోనే ఉండాలి. రెండో టీచరు చేతికి యాప్, రిజిస్టరు, సర్వే, ఎన్నికల డ్యూటీ ఏదీ ఇవ్వకూడదు. ఇచ్చిన మర్నాటి నుంచి ఆమె కూడా గుమాస్తానే. అర్హత ఉన్న ఆయాలకు మొదటి అవకాశం దక్కాలి. రెండో మనిషి వచ్చిందన్న సాకుతో ఇప్పుడున్నవాళ్ల వేతనాల పెంపు వాయిదా పడకూడదు. 2023 డిసెంబరులో మొదలై ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మెను ఎవరూ మరిచిపోలేదు.

ఐసీడీఎస్ పుట్టింది 1975 అక్టోబరు 2న. అదే తేదీన పల్లెల్లో గ్రామసభలు పెడతారు. రోడ్లు, వీధిదీపాల తీర్మానాల పక్కన మరొకటి చేరాలి: “మా కేంద్రానికి బోధన కోసమే పనిచేసే రెండో టీచరును మంజూరు చేయాలి.” కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఎందరో, పోయిన నెలలో పాఠం సాగిన రోజులెన్నో తల్లులతోనే చెప్పించి తీర్మానంలో రాయించాలి. ఒక ప్రతి శిశు అభివృద్ధి పథక అధికారి (సీడీపీఓ)కి, ఒకటి కలెక్టరుకు, ఒకటి ఎమ్మెల్యేకు పంపి, అందినట్టు రసీదు తీసుకోవాలి.