సైకిలెక్కు విద్యార్థికి తగిన కన్నద్దములు

సైకిలు కొనునపుడు తండ్రి బ్రేకులు నొక్కి చూచును. చక్రము త్రిప్పి చూచును. సీటు ఎత్తు పిల్లవాని కాలికి సరిపోవునో లేదో కొలిచి చూచును. ఇది మెచ్చదగిన జాగరూకతయే. కాని ఆ పిల్లవాని కండ్లకు అద్దములు కావలసివచ్చినపుడు ఆ తండ్రియే దుకాణమున నిలిచి, "ముఖమునకు ఏది నప్పును?" అనియు, "అన్నిటికంటె చౌక ఏది?" అనియు అడుగునే గాని, "వీడు దినమునకు రెండు పూటలు సైకిలుపై వచ్చుచు పోవుచున్నాడు. ఆ దారికి ఏది తగును?" అని యడుగడు. ఈ మూడవ ప్రశ్నయే మొదటిది కావలెనని నా యభిప్రాయము. దానిని సమర్థించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

కన్నద్దములు 13వ శతాబ్దపు చివర ఇటలీ దేశమున పుట్టినవి. అవి ఒకచోట కదలక కూర్చుండి చదువువారికొఱకును, వ్రాయువారికొఱకును ఏర్పడిన సాధనములు. చెవులకు ఆనుకొను కాడలు 18వ శతాబ్దమున గాని వాడుకకు రాలేదు. సైకిలన్ననో మిక్కిలి ఇటీవలిది. ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు గొలుసును గల 'రోవర్' సైకిలును ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ 1885లో వెలువరించెను. డన్లప్ తన గాలి టైరునకు 1888లో పేటెంటు పొందెను. గ్రంథము ముందు నిలుకడగా కూర్చున్నవానికై పుట్టిన వస్తువును గాలికి, ధూళికి, కుదుపునకు ఎదురుపోవువాడు ధరించునపుడు దానిని వేఱు విధమున ఎంచుకొనవలె ననుటలో వింత యేమున్నది?

మొదట దృష్టి సంగతి చూతము. దగ్గఱివి కనబడి దూరపువి మసకబాఱుటను హ్రస్వదృష్టి యందురు. తఱచుగా కనుగ్రుడ్డు పొడవు హెచ్చుటచే దూరవస్తువుల ప్రతిబింబము లోపలి తెరమీద గాక దానికి ముందే యేర్పడును. మైనస్ రెండు పవరు కావలసిన బాలునకు అద్దములు లేనిచో అర మీటరునకు ఆవల నున్నదేదియు స్ఫుటముగా కనబడదు. విద్యార్థులారా! ఈ చిన్న లెక్క మీరే చేసి చూడుడు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున త్రొక్కువాడు సెకనునకు 4 మీటర్లకు పైగా ముందుకు పోవును. గంటకు 54 కిలోమీటర్ల వేగమున ఎదురువచ్చు లారి సెకనునకు 15 మీటర్లు వచ్చును. ఆ రెంటి నడుమ నూఱు మీటర్ల యెడమున్నచో, అది ఐదు సెకనులకు కొంచెము పైన హరించిపోవును. ఆ ఐదు సెకనులలోనే లారిని గుర్తింపవలెను, ప్రక్కకు తొలగవలెను, తొలగుచోట గుంట యున్నదేమో చూడవలెను. మసక చూపుగలవాడు మొదటి మూడు సెకనులను గుర్తించుటకే వ్యయపఱచినచో మిగిలిన పనులకు కాలమేది?

అయినను మన పిల్లలలో ననేకులు తరగతిలో అద్దములు పెట్టుకొని, ఇంటికి పోవునపుడు వానిని పుస్తకముల సంచిలో దాచుచున్నారు. మగపిల్లలు "సోడాబుడ్డి" యను పరిహాసమునకు వెఱచి దాచుదురు. ఆడపిల్లల చేత తల్లులే దాపింతురు. వీధిలో నలుగురు చూచిన రేపు సంబంధము కుదురదని వారి భయము. అద్దములు పెట్టుకొన్నకొలది పవరు పెరుగునని చెప్పు పెద్దలును కలరు. ఇది సత్యము కాదు. ఎదుగు వయసున కనుగ్రుడ్డు పొడవు పెరుగుటచే పవరు మాఱును గాని, సరియైన అద్దములు ధరించుటచే మాఱదు. తెలంగాణమున 2018 ఆగస్టు 15వ తేదీన ఆరంభమైన 'కంటి వెలుగు' పథకమున ప్రజలకు కంటి పరీక్షలు చేసి అద్దములు ఉచితముగ నిచ్చిరి. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరు 10వ తేదీన అదే పేరుతో ఆరంభమైన పథకమున మొదటి విడత బడిపిల్లలకే కేటాయింపబడినది. ఉచితముగ వచ్చిననేమి, వెల యిచ్చి కొన్ననేమి, సంచిలో నున్న అద్దములు దారి చూపవు. తల్లులారా! నల్లబల్లను చూచుటకంటె బండ్లు పోవు బాటను చూచుటయే ప్రాణమునకు దగ్గఱి పని యని తలంపుడు.

ఇక అద్దము దేనితో చేయబడినదను ప్రశ్న. గాజు గీతలు పడనిది గాని బరువైనది. పగిలిన చూర్ణము కంటిలో పడును. సైకిలెక్కువానికి అది తగదని నిశ్చయముగా చెప్పవచ్చును. సి.ఆర్. 39 అను ప్లాస్టికు తేలికది, చూపు నిర్మలముగా నుండును, వెలయు స్వల్పము. కాని గట్టి దెబ్బకు ఆగదు. పాలికార్బొనేటు అనునది 1953లో జర్మనీ, అమెరికా దేశములందు వేఱువేఱుగ కనుగొనబడిన పదార్థము. అది దెబ్బకు పగులుట మిక్కిలి యరుదు; అతినీలలోహిత కిరణములను తనంతటనే అడ్డును. దానికి రెండు లోపములు కలవు. సులభముగ గీతలు పడును గనుక పైన గట్టిపూత యుండవలెను. పవరు హెచ్చైనపుడు అద్దపు అంచులగుండ చూచిన వస్తువుల చుట్టు సన్నని రంగుల అంచు కనబడవచ్చును. 2001లో వచ్చిన ట్రైవెక్సు అనునది దెబ్బ కోర్చుటలో దానికి సాటియైనదే. ఇంకను తేలిక, చూపు ఇంకను నిర్మలము. కాని వెల హెచ్చు. నా తీర్పు ఇది: మన పిల్లలకు గట్టిపూతగల పాలికార్బొనేటు చాలును. అద్దములు కొనునపుడు చట్రపు సొగసుకు పెట్టు రూపాయలలో కొన్నిటిని తగ్గించి యైనను అద్దపు పదార్థమునకు పెట్టవలెను.

ఇంత గట్టి యద్దమేల యని యడుగవచ్చును. మన దారులను చూడుడు. కోతల కాలమున రైతులు రోడ్డుమీద వడ్లు ఆరబోయుదురు. ఉలవలు, జొన్నలు బండ్ల చక్రములక్రింద నలుగుటకై పఱచుదురు. లారి పోయినంతనే పొట్టు, నూగు, ఇసుక లేచి సైకిలువాని ముఖమున కొట్టును. ప్రొద్దు గ్రుంకువేళ పురుగులు గుంపులుగా వచ్చి పడును. వరి పొట్టో, గడ్డి కొనయో కంటి నల్లగ్రుడ్డుపై గీచినచో, ఆ గీతలో బూజుజాతి సూక్ష్మజీవులు చేరి పుండు పెట్టుట వ్యవసాయ ప్రాంతములలో వైద్యు లెఱిగిన విషయమే. అట్టి పుండు మానినను మచ్చ మిగిలి చూపు పోవచ్చును. అందువలన పవరు అక్కఱలేని పిల్లవానికి సైతము సాదా అద్దములు ధరించి త్రొక్కుట మేలు. ఏదైన కంటిలో పడినచో నులుమరాదు, మంచినీటితో కడుగవలెను, నొప్పియు ఎఱుపును తగ్గనిచో ఆ దినమే కంటి వైద్యుని యొద్దకు పోవలెను. ఆముదము, చనుబాలు, ఆకుపసరు కంటిలో పోయుట మన పల్లెలలో నింకను కలదు. ఆ వాడుక మానవలెను.

చట్రమును గుఱించి నాలుగు మాటలు. మన దేశమున బండ్లు ఎడమ ప్రక్కగా పోవును గనుక సైకిలువానిని దాటిపోవు వాహనము కుడివైపునుండి వచ్చును. వాడు మాటిమాటికి కుడి భుజముమీదుగ వెనుకకు చూడవలెను. ఇపుడు సొగసుగా నెంచబడు వెడల్పాటి కాడలు సరిగా ఆ చూపునకే అడ్డుపడును. సన్నని కాడలు మేలు. రెండవది, నిటారుగా కూర్చుండు పాతకాలపు సైకిలుపై చూపు అద్దపు నడిమినుండి పోవును. గేర్లుగల నేటి సైకిలుపై ముందుకు వంగినవాడు అద్దపు పైభాగముగుండ చూచును. అట్టివానికి చట్రపు పై అంచు కనుబొమల దాక నుండవలెను. లేనిచో అంచుమీదుగ అద్దములేని చూపుతో దారిని చూచును. మూడవది, చెమటకు చట్రము ముక్కుమీదుగ జాఱును. ముక్కుకు ఆనుచోట రబ్బరు మెత్తలును, చెవి వెనుక వంపును, కాడలను కలుపు ఒక త్రాడును ఉండిన జాఱదు. ఒకచేత హ్యాండిలు విడిచి అద్దములు సవరించుకొను పిల్లవాడు సగము బ్రేకు విడిచినవాడే. నాలుగవది, అసమదృష్టికి వ్రాసిన అద్దములలో వాలు కోణము ముఖ్యము. చట్రము వంకరపోయిన కోణము తప్పును, చూపు చెదరును. కాబట్టి దుకాణమున పెట్టుకొని తల వంచి, ఇరుప్రక్కల విదిలించి చూచిన పిదపనే కొనవలెను.

రంగు అద్దముల విషయమున మన యువకులకు మోజు మెండు. త్రోవప్రక్క అమ్ము చలువ యద్దములలో ననేకమునకు అతినీలలోహిత కిరణములనుండి రక్షణ కలదో లేదో తెలియదు. నల్లదనము కంటిపాపను విప్పారజేయును. రక్షణ లేనిచో ఆ విప్పారిన పాపద్వారా కిరణములు మఱింత లోనికి పోవును. కావున నలుపు వేఱు, రక్షణ వేఱు. నలుపును సున్నమొదలు నాలుగువఱకు తరగతులుగా లెక్కింతురు. మూడవ తరగతి అద్దము వెలుతురులో నూటికి 8 మొదలు 18 పాళ్లు మాత్రమే లోనికి విడుచును. మిట్టమధ్యాహ్నపు టెండకు అది సరియే. నాలుగవ తరగతిది బండి నడుపువారికి నిషిద్ధము. ఎండలో నల్లబడి నీడలో తెల్లబడు అద్దములు కలవు గాని, అవి తెల్లబడుటకు కొన్ని నిమిషములు పట్టును. ఎండనుండి గుబురు చెట్ల నీడలోనికి దిగు సైకిలువానికి ఆ నిమిషములు చీకటియే. తళుకును అణచు పోలరైజుడు అద్దములు ఎండకు హాయినిచ్చును గాని, రోడ్డుపై నూనె మరకల, తడి పొరల మెఱుపును కూడ కొంత దాచును. ప్రొద్దుననే వచ్చి సాయంకాలమున ఇల్లు చేరు విద్యార్థికి ఒక్క జతయే కొనగల శక్తి యున్నచో, అది రంగులేని అద్దమే కావలెను. ఎండకు టోపి యంచు చాలును. చీకటికి రంగద్దము ఏ టోపితోను తెల్లబడదు.

సైకిలు పందెములవారివలె ముఖమును చుట్టివచ్చు వంపుటద్దములు ఏల కొనరాదని కొందఱు విద్యార్థులు నన్నడిగిరి. అవి గాలిని, ధూళిని బాగుగ ఆపునను మాట నిజమే. కాని వంపు హెచ్చిన అద్దమున పవరు కూర్చుట కష్టము. పవరు పెరిగినకొలది ప్రక్కచూపు వంకరలుపోవును, నేల ఎత్తుపల్లములు తప్పుగా తోచును. లోపల పవరద్దమును తగిలించు చిన్న చట్రముగలవి యున్నవి గాని, మంచు వేళల రెండద్దముల నడుమ ఆవిరి పట్టును. స్వల్పమైన పవరుగలవారికి, లెక్కకట్టి చేయు నేర్పరి దొరికినపుడు, అవి తగును. తక్కినవారికి ముఖమునకు దగ్గఱగా కుదురుకొన్న మామూలు చట్రమే మేలు. కంటిలోనే పెట్టుకొను కటకములు, దుమ్ముదారిలో వచ్చి బోరునీటితో చేతులు కడుగుకొను పిల్లలకు హితము కావు.

నావలె నలువది దాటి చత్వారము వచ్చినవారికిని ఒక మాట. క్రిందిభాగమున చదువు పవరుగల జంట అద్దములతో సైకిలెక్కినపుడు ముందుచక్రము దగ్గఱి నేల మసకగా కనబడును. గుంట లోతు తెలియదు. సైకిలుకు దూరపుచూపు అద్దములు వేఱుగ నుంచుకొనుట క్షేమము.

కొన్న వెనుక శ్రద్ధయు వలయును. దుమ్ముపట్టిన అద్దమును పొడిగుడ్డతో తుడువరాదు; ఇసుకరేణువులే ఆకురాయి యగును. మొదట నీళ్లు పోసి పిదప మెత్తని నూలుగుడ్డతో ఒత్తవలెను. గీతలు పడిన అద్దమున రాత్రివేళ ఎదురుదీపము చెదరి కండ్లు కప్పును గనుక దానిని మార్పించవలెను. ఎదుగు పిల్లలకు ఏడాదికొక తూరి పరీక్ష చేయింపవలెను. పోయిన సంవత్సరపు చీటితో కొత్త అద్దములు చేయించుట పోయిన సంవత్సరపు కొలతతో చొక్కా కుట్టించుట వంటిది.

ఇట్టి విషయము బడికేల, ఇంటివారు చూచుకొందురు గదా యనువారు కలరు. కాని దూరపు బోర్డును చదువలేని బాలుని మొదట కనిపెట్టునది ఉపాధ్యాయుడే. 1862లో హాలండు వైద్యుడు స్నెల్లెన్ ప్రకటించిన అక్షరముల పటము ఒక గోడకు తగిలించి, ఆఱు మీటర్లు కొలిచి గీత గీచుటకు ఏమంత వ్యయమగును? ప్రతి బడియు ఏటేట బడి తెఱచిన మొదటి వారమున సైకిళ్ల బ్రేకులను, సైకిలెక్కువారి కండ్లను ఒకే దినమున పరీక్షింపవలెనని నా కోరిక. బ్రేకు లేని సైకిలును ఆవరణము దాటనీయని మనము, దారి కనబడని పిల్లవానిని దాటనిచ్చుట న్యాయము కాదు. తల్లిదండ్రులారా! ఈ సంవత్సరము అద్దముల దుకాణమునకు పోవునపుడు మీ పిల్లవానితోపాటు వాని సైకిలు దారిని కూడ తలపున నుంచుకొని పొండు.