గోడలోని కరెంటు, చేతిలోని ఫోన్

ఛార్జింగులో ఉన్న ఫోన్‌ను పిల్లల చేతికి ఇస్తున్నప్పుడు, గోడకూ ఆ చేతికీ నడుమ ఏం జరుగుతున్నదో మనం ఆలోచించము.

మన ఇళ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ. సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున అది 100 సార్లు దిశ మార్చుకుంటుంది. ఫోన్ బ్యాటరీకి కావలసినది ఒకే దిశలో సాగే ఏకముఖ విద్యుత్తు, అంటే డీసీ. ఏసీని డీసీగా మార్చే సాధనమే రెక్టిఫయర్. పాఠ్యపుస్తకాలు దీనిని ఏకధిక్కరణి అంటాయి.

రెక్టిఫయర్‌కు ఆధారం డయోడ్. బావి మోటారు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిస్తుంది, వెనక్కు జారనివ్వదు. డయోడ్ కూడా విద్యుత్తును ఒక వైపుకే పోనిస్తుంది. కొన్ని లోహ సల్ఫైడు స్ఫటికాలలో ఈ గుణాన్ని 1874లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ బ్రౌన్ గమనించారు. నేడు డయోడ్లను ఎక్కువగా సిలికాన్‌తో చేస్తున్నారు.

ఒక్క డయోడ్ మాత్రమే ఉంటే ప్రతి ఆవర్తనంలో సగం ఉపయోగపడదు. అందుకే నాలుగింటిని వంతెనలా కలుపుతారు. విద్యుత్తు ఒక దిశలో వచ్చినప్పుడు రెండు డయోడ్లు దారి ఇస్తాయి, దిశ మారగానే తక్కిన రెండు ఆ పని చేపడతాయి. ప్రవాహం ఎటు నుంచి వచ్చినా బయటికి వెళ్లే దిశ ఒక్కటే. అయితే అది సెకనుకు 100 ఉబుకులుగా వస్తుంది. మిద్దెపై ట్యాంకు నీటిని నిలిపి సమంగా అందించినట్లు, కెపాసిటర్ ఆ ఎగుడుదిగుళ్లను సర్దుతుంది.

ఇక్కడే మనం జాగ్రత్త పడవలసిన విషయం ఉంది. 230 వోల్టుల సరఫరా తరంగ శిఖరం వద్ద సుమారు 325 వోల్టులకు చేరుతుంది. ఛార్జర్‌లోని కెపాసిటర్‌లో నిలిచేది దాదాపు అంతే. ఆ డీసీని సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతారు. దాని రెండు తీగచుట్ల మధ్య తీగ సంబంధం ఉండదు. శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారానే దాటుతుంది. అవతల తగ్గిన వోల్టేజీని మరొక రెక్టిఫయర్ డీసీగా మార్చి ఫోన్‌కు అందిస్తుంది. ఆ రెండు చుట్ల మధ్య ఉన్న ఎడము, బంధక పూతలే మన చేతిని కాపాడుతున్నాయి. నాసిరకం ఛార్జర్‌లో ఆ కట్టుదిట్టం లోపిస్తే, గోడలోని విద్యుత్తు ఫోన్ దాకా రావచ్చు.

కాబట్టి కొనేటప్పుడు బి.ఐ.ఎస్. గుర్తును చూద్దాం. పగిలిన, అతిగా వేడెక్కే ఛార్జర్‌ను పక్కన పెడదాం. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో కొంతసేపు విద్యుత్తు మిగిలి ఉండవచ్చు గనుక దానిని ఇంట్లో విప్పవద్దు. ఛార్జింగు పూర్తయ్యాకే, తీగ తీసిన ఫోన్‌ను పిల్లలకు ఇద్దాం.