శాస్త్రజ్ఞుని కొలుచుట యెట్లు?

ధాన్యమును కుంచముతో కొలుతురు. గుడ్డను మూరతో కొలుతురు. బంగారమును గురివింద గింజలతో తూచుట మన పూర్వుల వాడుక. ఏ వస్తువునకు తగిన కొలత దానికి కలదు. కుంచము చంకబెట్టుకొని బంగారము కొనబోయినవానిని జూచి లోకము నవ్వును. కాని నేటి విద్వల్లోకమున నిట్టి పనియే జరుగుచుండగా నవ్వువారు కొలదిమందియే కనబడుచున్నారు. ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరిశోధన వ్యాసము లెన్ని, వానిని ఇతరులు తమ వ్యాసములలో నెన్నిమార్లు పేర్కొనిరి, అను రెండు లెక్కలు వేసి, ఆ యంకెలను బట్టియే యాతని యోగ్యతను నిర్ణయించు నాచారము ప్రబలినది. ఈ లెక్క కొంతవరకు ఉపయోగకరమే. దానినే తుదితీర్పుగా గైకొనుట మాత్రము తప్పని నా యభిప్రాయము.

మొదట ఈ లెక్క యెట్లు పుట్టినదో తెలిసికొందము. పరిశోధకుడు తాను వ్రాయు వ్యాసమున తనకు దారిచూపిన పూర్వుల కృషిని పేర్కొనవలెను. దీనినే ఉల్లేఖన మందురు. ఇది యొకవిధమగు ఋణము తీర్చుకొనుట. అమెరికా దేశీయుడగు యూజిన్ గార్ఫీల్డు ఉల్లేఖనముల పట్టిక యొకటి కావలెనని 1955లో సూచించి, 1964లో దానిని ప్రకటింప నారంభించెను. ఒక విషయమును గూర్చి యెవరెవరు వ్రాసిరో వెదకుకొనుటకు సాధనముగా నుండవలెనని యాయన తలంపు. రానురాను గ్రంథములను వెదకు దీపము మనుష్యులను తూచు త్రాసుగా మారెను. 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్-సూచిక యను కొలతను కనిపెట్టెను. ఒకని వ్యాసములలో ఇరువది వ్యాసములు ఒక్కొక్కటి ఇరువదిమార్లకు తక్కువ కాకుండ ఉల్లేఖింపబడినచో, ఇరువదియొక్క వ్యాసములకు అట్టి భాగ్యము లేనిచో, ఆతని సూచిక 20.

ఈ కొలతవలన మేలు లేదనరాదు. సిఫారసులకును, బంధుప్రీతికిని, పెద్దపేరుగల విద్యాలయములయెడ మోజునకును ఇది కొంతవరకు అడ్డుకట్ట. ఏ మారుమూలనో పనిచేయు నిరాడంబరుని కృషి పదుగురకు పనికివచ్చుచున్నదని చూపుటకు ఒక యంకె సాక్ష్యమిచ్చినచో సంతోషింపవలసినదే. అయితే సాక్షి వేరు, న్యాయాధిపతి వేరు.

శాస్త్రములన్నియు నొక్క పొలమున పండు పంటలు కావు. గణితజ్ఞుడు ఒక్క సిద్ధాంతమునకై యేండ్లకొలది ఒంటరిగా శ్రమించును. ఆతని శాఖలో పనిచేయువారు తక్కువ, ఒక్కొక్క వ్యాసమున పేర్కొను పూర్వగ్రంథములును తక్కువ. వైద్య, జీవశాస్త్రములందో, పరిశోధకులు వేలకు వేలు. ప్రతి వ్యాసమునకును పొడవైన ఉల్లేఖనముల పట్టిక వెంటనుండును. కావున ఉత్తమ గణితజ్ఞుని యంకె సామాన్య జీవశాస్త్రజ్ఞుని యంకెకు లోబడుట వింత కాదు. కణ భౌతిక శాస్త్రమున మరియొక విచిత్రము. హిగ్స్ కణము యొక్క ద్రవ్యరాశిని నిర్ణయించి 2015లో ప్రకటించిన యొక్క వ్యాసమునకు 5,154 మంది రచయితలు. ఆ వ్యాసము వారిలో ప్రతివాని లెక్కలోను చేరును. ఒంటరిగా వ్రాసినవానిని, అయిదువేలమందిలో నొకనిని ఒక్క కుంచముతో కొలుచుట న్యాయమా?

ఉల్లేఖనముల సంఖ్య ఉపయోగమును చూపును గాని గొప్పతనమును చూపదు. లోకమున మిక్కిలి ఉల్లేఖింపబడిన వ్యాసము, మాంసకృత్తుల పరిమాణమును కనుగొను విధానమును గూర్చి లౌరీ యను నాతడు తన సహచరులతో గూడి 1951లో ప్రకటించినది. అది మూడులక్షలకు పైగా పేర్కొనబడినది. అదియొక గొప్ప వ్యాసము కాదని లౌరీయే యొప్పుకొనెను. వంశపారంపర్య రహస్యమును విప్పిన వాట్సన్, క్రిక్కుల 1953 నాటి వ్యాసమునకు మాత్రము, 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన మొదటి నూరింటి పట్టికలో చోటు దొరకలేదు.

మన తెలుగువాడగు యల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్రయు నిట్టిదే. భీమవరమున 1895లో జన్మించి, మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాని యీ మహనీయులు 1923లో అమెరికా చేరిరి. ఫిస్కెతో గూడి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ వ్యాసము వేలకొలది పర్యాయములు ఉల్లేఖింపబడినది. జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. యను పదార్థమును గూర్చి వారిరువురు 1929లో వ్రాసిన వ్యాసమునకు అందులో స్వల్పభాగమైనను దక్కలేదు. ఏది యెక్కువ గొప్పదో శాస్త్రమెరిగినవారికి చెప్ప నక్కరలేదు. హార్వర్డునందు స్థిరమైన యుద్యోగము లభింపకపోగా, వారు 1940లో లెడర్లీ యను ఔషధసంస్థలో చేరి, పరిశోధకబృందమును నడపిరి. బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న మందు ఆ బృందము కృషి ఫలమే. 1948లో వారు గతించిరి. ఆ మందు మ్రింగి బాధ తప్పించుకొన్న కూలివాడు ఏ పత్రికలోను ఉల్లేఖనము వ్రాయడు.

కాలముకూడ ఈ లెక్కను వెక్కిరించును. మెండెల్ అను క్రైస్తవ సన్న్యాసి తన మఠపు తోటలో బఠానీ మొక్కలు పెంచి కనుగొన్న సూత్రములను 1866లో ప్రకటించెను. ఆయన 1884లో మరణించువరకును వాని విలువ గుర్తించినవారు లేకపోయిరి. 1900లో గాని ఆ సూత్రములు మరల వెలుగునకు రాలేదు. మరియు ఉల్లేఖనమెల్ల మెప్పు గాదు. టీకాలకును బాలుర ఆటిజమునకును సంబంధము కలదన్నట్లు 1998లో లాన్సెట్ పత్రికలో వెలువడిన వ్యాసము 2010లో ఉపసంహరింపబడినది. దానిని ఖండించుటకై పేర్కొన్నవారు పెక్కుమంది. లెక్కలో ఖండనయు మండనయు నొక్కటే.

ఇంతతో పోయిన బాధ లేకుండును. అంకెకు బహుమానము గట్టినచో మనుష్యుడు అంకెకొరకే పాటుపడును. మన దేశమున 2010లో యు.జి.సి. వారు అధ్యాపకుల పదోన్నతికి ప్రకటిత వ్యాసములను లెక్కించు నియమము చేసిరి. రుసుము పుచ్చుకొని యేదైనను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె మొలచెను. 2018లో తమ యామోదము పొందిన పట్టికనుండియే 4,305 పత్రికలను వారు తొలగింపవలసి వచ్చెను. 1964లో రెండు చిన్న వ్యాసములు వ్రాసి 2013లో నోబెలు బహుమానమందిన హిగ్స్ మహాశయుడు, ఈ కాలపు పద్ధతిలో తనకు ఉద్యోగమే దొరకియుండదని చెప్పెను. ఈ నష్టము ఆయనది కాదు, లోకముది. తడవు పట్టు కఠిన ప్రశ్నలను పిల్లలు విడిచి, తొందరగా నచ్చగు చిన్న ప్రశ్నలను పట్టుకొందురు.

మరి చేయదగినదేమి? ఒక శాఖవారిని ఆ శాఖవారితోనే పోల్చవలయును. అంకెను జూచిన పిమ్మట వ్యాసమును తెరచి చదువవలయును. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపొందిన ప్రకటనయు, పత్రిక పేరును దాని యంకెను గాక, చేసిన పని గుణమునే చూడుడని కోరుచున్నది. చదువుట కష్టము, లెక్కించుట సులభము. అయినను తీర్పరికి కష్టము తప్పదు.

తలిదండ్రులారా, ఈ మాట మన యిండ్లకును వర్తించును. మార్కుల పట్టికను చూడుడు. చూచిన తరువాత బిడ్డ వ్రాసిన పుస్తకమును గూడ తెరచి చూడుడు. లెక్కలలో వెనుకబడిన వానికి చిత్రలేఖనమున చేయి తిరిగి యుండవచ్చును. విద్యార్థులారా, మీరును ఒకనాడు పరిశోధకులు కాగలరు. అప్పుడు ఎన్ని వ్రాసితిమని గాక, వ్రాసినదానిలో నిజమెంత, అది యెవరి కష్టమును తీర్చును, అని ప్రశ్నించుకొనుడు. రాశి లెక్కకు వచ్చును, వాసి నిలుచును.