బరువు రాశారు, బాధ అడిగారా?

పుదుచ్చేరిలో కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతాయి. మన నాయకులు సభల్లో గొప్పగా చెప్పుకునే మాట ఇది. చెప్పుకోవలసిందే. మంత్రసాని చేతుల్లో ప్రాణాలు పోయిన ఆడవాళ్ళ కథలు మా అమ్మమ్మల నోట విన్నవాళ్ళం, ఆ మార్పును తక్కువ చేయను. కానీ నాకు ఆ మాట వింటే గర్వం కంటే ముందు ఒళ్ళు మండుతుంది. డాక్టర్లూ, నర్సమ్మలూ, ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి పిల్లా మీ గుమ్మానికే వస్తోంది కదా! మీ తూనిక ఎక్కుతోంది, మీ ముందు చేయి చాపి రక్తమిస్తోంది. అన్నిసార్లు ఎదురుగా నిలబడ్డ మనిషిని "ఎలా ఉన్నావమ్మా, ఇంట్లో తిండి సరిగ్గా తిననిస్తున్నారా" అని అడగడానికి నోరు రాదేం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది: పుదుచ్చేరి ఆడవాళ్ళలో నూటికి 46 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 24. అదే సర్వేలో ఇక్కడి ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనత. ఒళ్ళు పెరుగుతోంది, రక్తం చాలడం లేదు. చూసేవాళ్ళకు మాత్రం కడుపుతో ఉన్న పిల్ల "బాగా తిని కూర్చుంది".

మా బంధువుల అమ్మాయి ఒకతె ఉంది. పుట్టిల్లు యానాం, మెట్టినిల్లు ఇక్కడ. ఏడో నెలలో నేనే తోడు వెళ్ళాను. ఆసుపత్రి పేరెందుకు, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఇంతే. తూనిక దగ్గర నర్సమ్మ సంఖ్య చూసి, వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా "ఎన్నమ్మా, ఇవ్వళవు వెయిట్టా?" (ఏమ్మా, ఇంత బరువా?) అంది. నలుగురు నవ్వారు. లోపల డాక్టరమ్మ తల ఎత్తకుండానే "నోరు కట్టుకో, లేకపోతే షుగరొస్తుంది" అని, కార్డు మీద బరువు రాసి చేతిలో పెట్టింది. అంతే, అయిపోయింది.

నోరు కట్టుకోవడమట! ఆ పిల్ల పొద్దున ఆరింటికి లేచి మామగారికి టిఫిను, మొగుడికి క్యారియరు, మరిదికి కాఫీ అందించి, అత్తగారి పూజ అయ్యాక పదకొండింటికి మిగిలిన నాలుగు ఇడ్లీలు పొడితో తింటుంది. కూర మిగిలితే కూర. సాయంత్రం అత్తగారు గుడికి వెళ్ళగానే వీధి చివర బేకరీ నుంచి బన్నులు తెప్పించుకుని వంటింట్లో నిలబడి తింటుంది, కాగితం చెత్తబుట్ట అడుక్కి తోసేస్తుంది. ఎందుకే అంటే, "ఏడుపొచ్చినప్పుడల్లా ఆకలేస్తుంది పిన్నీ" అంది. మొగుడు రాత్రిళ్ళు ఏ స్థితిలో ఇంటికొస్తాడో ఈ ఊళ్ళో వివరించి చెప్పక్కర్లేదు. చౌక మందు కోసం పక్క జిల్లాల నుంచి జనం బస్సులెక్కి వచ్చే ఊరు, ఎక్సైజు రాబడి మీద ఆశపెట్టుకున్న సర్కారు. ఆ రాబడిలో ఎన్ని ఇళ్ళ పాలూ గుడ్లూ ఉన్నాయో ఏ బడ్జెటు పుస్తకంలోనూ రాయరు.

దిగులుకూ తిండికీ లంకె ఉందని చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. దిగులు ముదిరితే ఒకరికి ముద్ద దిగదు, ఇంకొకరికి చెయ్యి ఆగదు. నిద్ర చెడుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. ఆ దిగులును పట్టుకోవడానికి 1987లోనే ఎడిన్‌బరోలో పది ప్రశ్నల పట్టిక తయారుచేశారు. బాలింతల కోసమని చేసినా గర్భిణులకూ వాడుతున్నారు. మన భాషల్లోకీ వచ్చింది. అడగడానికి పది నిమిషాలు చాలు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలకు కలిపి మానసిక వైద్య విభాగమే నడుస్తోంది. 1823లో ఫ్రెంచివాళ్ళు పెట్టిన వైద్య పాఠశాల జిప్‌మర్‌గా ఎదిగిన ఊరు మనది. చుట్టూ ఇన్ని మెడికల్ కాలేజీలు. డాక్టర్లకు కరువు లేదు, కరువల్లా తీరికకే.

ఇక ఇంట్లోవాళ్ళ సంగతి. ఒకావిడ "ఇద్దరికి తినాలమ్మా" అని నెయ్యి కుమ్మరిస్తుంది. ఇంకొకావిడ "బిడ్డ పెద్దదైతే ఆపరేషనే, తగ్గించు" అని కంచం లాగేస్తుంది. బొప్పాయి వేడి, అరటిపండు జలుబు, నువ్వులు వద్దు, గుడ్డు వద్దు, కుంకుమపువ్వు మాత్రం ఎంత ఖరీదైనా సరే, బిడ్డ తెల్లగా పుట్టాలి! నడుద్దామంటే దిష్టి. సాయంత్రమైతే బండ్లు ఆపేసి బీచి రోడ్డంతా నడిచేవాళ్ళకు వదిలేస్తారు, అయినా మా పిల్లకు గుమ్మం దాటే అనుమతి లేదు. ఇంతకీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి చెప్పే అదనపు తిండి రోజుకు 350 కేలరీలు, అంటే ఇంచుమించు రెండిడ్లీలు, ఒక గుడ్డు, గ్లాసుడు పాలు. బరువు లెక్కా అందరికీ ఒకటి కాదు. గర్భం వచ్చేనాటికి బక్కగా ఉన్న మనిషి 12.5 నుంచి 18 కిలోలు పెరగవచ్చనీ, ఊబకాయమున్న మనిషికి 5 నుంచి 9 కిలోలు చాలనీ 2009లో అమెరికా వైద్య నిపుణుల సంఘం చెప్పింది. మన ఒళ్ళకు ఆ అంకెలు అచ్చంగా సరిపోవాలని లేదు. అయినా మనిషిని బట్టి మాట్లాడాలన్న ఇంగితమైనా అందులో ఉంది. మన దగ్గర అందరికీ ఒకటే మందు: "నోరు కట్టుకో".

షుగరు బయటపడితే మరీ ఘోరం. అన్నం మానెయ్యమంటారు, దాని బదులు ఏం తినాలో చెప్పరు. భయంతో ఆ పిల్ల పస్తులుంటుంది. షుగరు లెక్క తలకిందులవుతుంది, మళ్ళీ తిట్లు. దగ్గర్లోనే ఉన్న చెన్నైలో డాక్టర్ వి. శేషయ్య గారు గర్భిణుల షుగరు మీదే జీవితం ధారపోశారు. ఆయన పుట్టినరోజు మార్చి 10ని దేశమంతా అవగాహన దినంగా జరుపుతున్నారు. ఆ రోజు మనవాళ్ళూ బ్యానరు కడతారు, ఫొటో దిగుతారు.

సర్కారు వారి దయ ఇంకో రకం. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ ఆరు వేలకు తక్కువ కాకుండా ఇవ్వమంది. మాతృ వందన యోజన వచ్చాక అది మొదటి కాన్పుకు అయిదు వేలయింది. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే ఆరు వేలు. మగబిడ్డను మోసే తల్లికి ఆకలి వెయ్యదా? అదే చట్టం ప్రకారం రేషన్ కార్డుకు ఇంటి పెద్ద అంటే ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషి, అంటే అత్తగారు. ఈ పట్నంలో 2015 నుంచి ఏళ్ళ తరబడి బియ్యం బదులు డబ్బు ఖాతాల్లో వేశారు. ఆ డబ్బు కోడలి కంచం దాకా వచ్చిందా అని ఎవరైనా వెళ్ళి చూశారా?

అత్తగార్లూ, మీ కోడలికి ముందు వడ్డించండి, మిగిలింది మీరు తినండి, ఈ తొమ్మిది నెలలే. మొగుళ్ళకు చెప్పేది ఒక్కటే, ఆ రాత్రి సీసా ఖర్చు పాలకు పెట్టండి. డాక్టర్లను, నర్సమ్మలను మాత్రం అడుగుతున్నాను: ప్రతి నెలా తొమ్మిదో తారీకున గర్భిణుల కోసమే కేంద్రం పెట్టిన పరీక్షల రోజుంది. ఈ తొమ్మిదిన తూనిక ఎక్కించే ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, "ఇంట్లో అందరూ తిన్నాకే తింటావా, రాత్రి నిద్ర పడుతోందా" అని అడగండి. జవాబును బరువు పక్కనే రాయండి. దీనికి నిధులు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు.