ప్రకృతి వింతలు: నీటిచుక్క తవ్విన మేడ

గుహ అనగానే గుంటూరు వైపు పిల్లలకు ఉండవల్లి గుర్తుకు వస్తుంది. ఒంగోలు వైపు పిల్లలకు భైరవకోన గుర్తుకు వస్తుంది. ఈ రెండుచోట్లా శిల్పులు ఉలీ సుత్తీ పట్టుకుని కొండను తొలిచారు. కాని ఉలి తగలకుండా ఏర్పడిన గుహ ఒకటి పల్నాటిలో ఉన్నది. దాని పేరు గుత్తికొండ బిలం. పిడుగురాళ్ళ ప్రాంతంలోని ఈ బిలం ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది.

దీన్ని గురించి పెద్దవాళ్ళు ఒక కథ చెబుతారు. ముచికుందుడనే రాజు దేవతల పక్షాన యుద్ధం చేసి, అలసిపోయి, గుహలో పడుకుని నిద్రపోయాడట. కృష్ణుణ్ణి తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు, పడుకున్నవాడు కృష్ణుడే అనుకుని ఒక్క తన్ను తన్నాడట. ముచికుందుడు కళ్ళు తెరిచి చూసేసరికి కాలయవనుడు భస్మమైపోయాడట! ఆ గుహ ఇదేనని పల్నాటివారి నమ్మకం. పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్ళిపోయాడని మరొక కథ. లోపల నీటి మడుగులున్నవి. తొలి ఏకాదశికి చాలామంది ఇక్కడికి వస్తారు.

సరే, కథల మాట అలా ఉంచండి. ఉలీ సుత్తీ లేకుండా ఈ బిలాన్ని తవ్వినది ఎవరు? నీటిచుక్క!

నవ్వకండి. ఈ సంగతి మీరు ఒక గాజుగ్లాసులో చూడవచ్చు. కాస్త సున్నాన్ని నీళ్ళలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచమని అమ్మతో చెప్పండి. పొద్దున పైన నిలిచిన తేటను మాత్రం గ్లాసులోకి వంచుకోండి. పెద్దవాళ్ళను దగ్గిర ఉంచుకుని, ఒక గొట్టంతో ఆ తేటలోకి మెల్లగా ఊదండి. పొరపాటున కూడా లోపలికి పీల్చకూడదు. సున్నపు తేట నోటినీ కళ్ళనూ మండిస్తుంది. కొంచెంసేపటికి తేట పాలలాగా తెల్లబడుతుంది. మీ ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి సన్నని రాతిపొడి అయింది. అదే సున్నపురాయి!

తరవాత వింత మీ బడిలో సైన్సు మాస్టారు చూపగలరు. ఆ తెల్లని నీళ్ళలోకి బొగ్గుపులుసు వాయువును ఆపకుండా పంపితే, తెలుపు పోయి నీళ్ళు మళ్ళీ తేటపడతవి. రాయి కరిగిపోయిందన్నమాట. ఆ నీళ్ళను కాచితే వాయువు పైకి పోయి, రాతిపొడి మళ్ళీ కనిపిస్తుంది.

గుహలో జరిగేది కూడా ఇదే. అనేక కోట్ల సంవత్సరాల కిందట పల్నాడు, కర్నూలు ప్రాంతాల మీద సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి రాయి అయింది. మీ ఇంటి అరుగు మీద నాపరాయి ఉంటే, అదీ ఈ జాతిదే. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును తీసుకుని, రాతి బీటల్లోకి దిగుతుంది. దిగుతూ రాతిని రవంత రవంత కరిగిస్తుంది. బీట సందు అవుతుంది, సందు సొరంగం అవుతుంది, సొరంగం మండపమంత అవుతుంది. ఇటువంటి నేలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కార్స్ట్. ఇటలీ, స్లొవేనియా దేశాల సరిహద్దున ఉన్న ఒక సున్నపురాతి సీమ పేరు అది.

తరవాత గుహ పైకప్పున చుక్క వేలాడుతుంది. అందులోని వాయువు గాలిలోకి పోతుంది. కరిగిన రాయి కొంచెం అక్కడే అంటుకుంటుంది. అలా చుక్క మీద చుక్క చేరి, మర్రి ఊడలవంటి రాతి ఊడలు దిగుతవి. కింద పడిన చుక్కల వల్ల నేల మీద లింగాల వంటివి లేస్తవి. ఊడా లింగమూ కలిస్తే స్తంభం!

ఇందుకు ఎంతకాలం పడుతుంది? చాలా గుహల్లో రాతి ఊడ నూరేళ్ళకు ఒక సెంటీమీటరు పెరిగితే గొప్పే. ఆ లెక్కన ఇరవై సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు, పెరగడానికి 2,000 సంవత్సరాలు కావాలి. అమరావతి స్తూపం కళకళలాడుతూ ఉన్న శాతవాహనుల నాడు మొదలైన ఊడ, ఈనాటికి జానెడు అయిందన్నమాట. దాన్ని ఆటకు విరవడానికి ఒక్క క్షణం చాలు.

మన రాష్ట్రంలో ఇటువంటి గుహల్లో పేరెన్నికగన్నది బెలుం. ఇది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నది. పైన చూస్తే మామూలు చేలు. కింద 3,229 మీటర్ల పొడవున గుహలు! రాబర్టు బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1884లో వీటిని గురించి రాశాడు. తరవాత చాలాకాలం వీటిని ఎవరూ పట్టించుకోలేదు. చుట్టుపక్కలవాళ్ళు చెత్త తెచ్చి ఇందులోనే పోసేవారు. 1982, 1983 సంవత్సరాల్లో డానియెల్ గెబావర్ అనే జర్మను పరిశోధకుడూ ఆయన జట్టూ లోపలికి పాకి, కొలతలు తీసి, పటం గీశారు. 1999లో రాష్ట్ర పర్యాటక సంస్థ గుహల్ని బాగుచేసే పని చేపట్టింది. చెత్త తీసి, బాటలు వేసి, దీపాలు పెట్టి, గాలి ఆడే ఏర్పాటు చేసి, 2002లో జనానికి తెరిచారు. అయితే చూడనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటర్లే. మిగిలినది చీకటికే వదిలేశారు. ఇది మంచి పని. ఎందుచేతనంటే, గుహకు చెత్త వల్లనే కాదు, చూడవచ్చేవారి వల్ల కూడా ముప్పు ఉన్నది.

ఈ ముప్పు ఎటువంటిదో ఫ్రాన్సు దేశంలో తెలిసివచ్చింది. 1940లో అక్కడ నలుగురు కుర్రాళ్ళు లాస్కో అనే గుహను కనిపెట్టారు. దాని గోడల మీద ఆదిమ మానవులు వేలఏళ్ళ కిందట వేసిన ఎద్దులూ గుర్రాలూ రంగు చెడకుండా ఉన్నవి! 1948లో గుహను అందరికీ తెరిచారు. రోజుకు వెయ్యిమందికి పైగా రాసాగారు. ఎవరూ బొమ్మల్ని చెరపలేదు. ఊరికే నిలబడి చూశారు. కాని వాళ్ళు ఊపిరి వదిలారు. ఆ ఊపిరిలోని తడీ, వేడీ, బొగ్గుపులుసు వాయువూ గోడలకు పట్టినవి. కొన్నిచోట్ల పచ్చని నాచు లేచింది. కొన్నిచోట్ల తెల్లని సున్నపు పొర కమ్మింది. మీ గ్లాసులో ఊపిరి చేసిన పని గుర్తున్నదిగదా! 1963లో గుహను మూసివేశారు. 1983లో దగ్గిరలోనే, అచ్చు అలాగే ఉండే నమూనా గుహను కట్టి, దాన్నే జనానికి చూపసాగారు.

అలాగని గుహల్ని ఎవరూ చూడకూడదని కాదు. చూస్తేనే ప్రేమ పుడుతుంది. చూడవచ్చేవారి వల్ల దారి చూపేవారికీ, ఫలహారాలు అమ్మేవారికీ నాలుగు డబ్బులు వస్తవి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరుపడింది. పల్నాటి రాయి సిమెంటుకు కూడా పోతుంది. ఇళ్ళు కట్టుకోవాలిగనక రాయి కొట్టవద్దనలేము. కాని ఏ కొండను కొట్టాలో, ఏ కొండను ఉంచాలో ముందే ఆలోచించాలి. కొట్టిన రాయి ఒక్కసారే డబ్బు తెస్తుంది. నిలిచిన గుహ ఏటేటా తెస్తుంది.

ఇంకొక సంగతి ఉన్నది. ఇది మిరప, పత్తి పండించే ఇళ్ళ పిల్లలు ముఖ్యంగా తెలుసుకోవాలి. మామూలు నేలలో నీరు ఇసుకలోంచీ మట్టిలోంచీ వడపోసుకుంటూ మెల్లగా దిగుతుంది. సున్నపురాతి సీమలో బీటలు గొట్టాల్లాగా నీటిని సూటిగా కిందికి దింపుతవి. పైన పురుగుమందు డబ్బా కడిగితే, ఆ నీళ్ళు గుహ మడుగులోకీ, అక్కడినుంచి ఏ బావిలోకో పోవచ్చు. కింది చీకట్లో బతికే ప్రాణులకు అది విషం. తోడుకుని తాగేవారికీ విషమే. గుహల్లో తలదాచుకునే గబ్బిలాల్లో చాలా జాతులు రాత్రిపూట ఎగిరే పురుగుల్ని తిని, పైరుకు మేలు చేస్తవి. వాటిని బెదరగొడితే నష్టపోయేది రైతే.

అందుచేత గుహకు వెళ్ళినప్పుడు ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

వేసిన బాట దిగకండి.

రాతి ఊడల్ని తాకకండి. చేతి జిడ్డు అంటితే సున్నం సరిగా పట్టదు, పెరుగుదల ఆగిపోవచ్చు.

గోడ మీద పేరు గీయకండి, కేకలు వేయకండి.

తీసుకువెళ్ళిన కాగితం, సీసా తిరిగి తెచ్చుకోండి.

ఇక మీకు ఒక పని. ఈసారి పెద్ద వాన కురిసి వెలిశాక, మీ ఊళ్ళో నీళ్ళు ఎటు పోతున్నవో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని చూడండి. ఒకచోట నీళ్ళు చెరువుకు గాని వాగుకు గాని పోకుండా, గబగబా నేలలోకి దిగిపోతూ ఉండవచ్చు. అక్కడ చెత్త పోసి ఉంటే ఊళ్ళో పెద్దలకు చెప్పండి. అది కింద ఏ చీకటి మేడకు కిటికీయో, ఏ బావికి దారో!