దువ్వెన పండ్ల లెక్క

దూరముననున్న బిడ్డల మాట సెల్ ఫోనులో స్పష్టముగా వినవచ్చుటకు ఒక చిన్న స్ఫటికపు పలక తోడ్పడుచున్నది. మన చుట్టును పెక్కు రేడియో తరంగములు ఏకకాలమున సంచరించుచుండగా, వలసిన దానిని విడిచి తక్కినవానిని అడ్డగించు జల్లెడ యిది. ఇంజనీర్లు దీనిని సా ఫిల్టరందురు. దీనిని చేయుటకు ముందు వేయవలసిన లెక్కను గూర్చి ఈ మాసమున ముచ్చటింతుము.

లిథియం నయోబేటు వంటి స్ఫటికముపై, పండ్లు పండ్ల నడుమ ఇముడునట్లు రెండు లోహపు దువ్వెనలను ఎదురెదురుగా అచ్చొత్తుదురు. వానికి విద్యుత్తు సోకగానే స్ఫటికపు పైపొర కంపించి, కొలనిపై అలవలె తరంగము సాగును. అవతలనున్న మరియొక దువ్వెనల జత దానిని తిరిగి విద్యుత్తుగా మార్చును. ఇట్టి తరంగములుండునని 1885లో ఇంగ్లండు దేశీయుడగు లార్డ్ రేలీ గణితముచే చూపెను. దువ్వెనల పద్ధతిని 1965లో అమెరికాలోని బర్క్లీయందు వైట్, వోల్ట్‌మర్ అనువారు ప్రకటించిరి.

ఈ తరంగము సెకనుకు సుమారు మూడున్నర కిలోమీటర్లు మాత్రమే పోవును. కావున సెకనుకు 90 కోట్ల కంపనములుగల తరంగమునకు ఒక్కొక్క పన్ను మిల్లీమీటరులో వెయ్యవ వంతు వెడల్పుండవలయును. అచ్చొత్తిన పిమ్మట దిద్దుటకు వీలులేదు. కత్తిరించిన రవికగుడ్డ వంటిదే. అందుచేతనే ముందు లెక్క.

తొలి లెక్క సులభము. ఊయలను అదనెరిగి త్రోసినచో ఊపు హెచ్చును. అదను తప్పినచో తగ్గును. అట్లే ప్రతి పన్నును ఒక్కొక్క త్రోపుగా నెంచి అన్నిటిని కూడుదురు. పండ్ల ఎడమునకు సరిపడు తరంగము బలపడును, తక్కినవి అణగును. పండ్లు హెచ్చినకొలది జల్లెడ సన్నమగును.

కాని పండ్లు త్రోయుటయే కాదు, వచ్చిన అలను కొంత వెనుకకు మరలించును గూడ. అందుకొను దువ్వెనలు మరలించిన అల మరల తిరిగివచ్చినచో, టెలివిజనులో బొమ్మ ప్రక్కన మసకబొమ్మ తోచెడిది. కావున ముందునకు పోవు అలను, వెనుకకు మరలు అలను, బయటి విద్యుత్ వలయమును కలిపి లెక్కించు పద్ధతులు ఏర్పడినవి. ఒక్కొక్క పన్నును రెండు సన్నని పండ్లుగా చీల్చినచో, పండ్లవలన మరలు అలలు తమలో తాము అణగుననియు తేలినది.

వింత యేమనగా, నేటి సెల్ ఫోను ఫిల్టర్లలో పెక్కింట ఆ మరలు అలలనే పనికి వినియోగించుచున్నారు. లెక్కకు అందని దోషము చెరుపు చేయును. లెక్కకు అందినచో సాధనమగును. గణితమెందులకని విసుగుకొను మన బాలికలకు ఈ దువ్వెనల కథ చెప్పుడు.