మత్సుమోతో కోట ఎవరిది?

ఢిల్లీలో కాపురముండే పత్రికా రచయితకు కోటలపట్ల కొంత ఉదాసీనత ఏర్పడటం సహజం. ఎర్రకోట ముందునుంచి ఎన్నిమార్లు వెళ్లినా ఆగస్టు 15 నాటి జెండా, ప్రధాని ప్రసంగం స్ఫురిస్తాయే తప్ప, అక్కడ ఒకప్పుడు మనుషులు నివసించారన్న ఊహ రాదు. ఇటీవల టోక్యోలో పని ఒక రోజు ముందుగా ముగియడంతో మత్సుమోతో వెళ్లాను. ఆ ఉదాసీనత అక్కడ కొంత సడలింది.

షింజుకు స్టేషన్లో అజుసా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. ఊరు నగానో రాష్ట్రంలో, కొండల నడుమ ఉన్న మైదానంలో ఉంది. కోట కొండమీద కాక సమతలం మీదే ఉండటం విశేషం. కందకంలో నీరు, నీటిలో నీడ. గోడల పైభాగం తెల్లని సున్నపు పూత, కింది భాగం నల్లని లక్క పూసిన చెక్క. ఇషికావా వంశీకులు 1593–94 ప్రాంతంలో నిర్మించిన ప్రధాన శిఖరమిది. బయటనుంచి చూస్తే అయిదంతస్తులు, లోపల ఆరు. కిటికీలు లేని ఒక అంతస్తును శత్రువు కంటికి కానరాకుండా దాచిపెట్టారు. చెప్పులు విప్పి చేతసంచిలో పెట్టుకుని నిచ్చెనల వంటి మెట్లెక్కాలి. కొన్నిచోట్ల వాటి వాలు 61 డిగ్రీలు. నా వయసువారికి దిగడమే అసలు పరీక్ష. పక్కన ఎర్రని పిట్టగోడలతో వెన్నెల చూడటానికి కట్టిన మంటపం ఒకటి ఉన్నది. యుద్ధాలు సద్దుమణిగిన తర్వాత, 1630 దశకంలో చేర్చినది కనుక దానికి తుపాకి రంధ్రాలు లేవు.

జపాన్లో ఇలా అసలు శిఖరం నిలిచిన కోటలు పన్నెండే. ఒసాకా శిఖరం 1931లో కాంక్రీటుతో కట్టినది. మిగిలినవన్నీ యుద్ధంలో కూలినవి కావు. 1868లో రాజ్యవ్యవస్థ మారాక కొత్త ప్రభుత్వమే వాటిని పాతకాలపు చెత్తగా భావించి అమ్మివేసింది, పడగొట్టించింది. మత్సుమోతో శిఖరం కూడా 1872లో వేలానికి వచ్చింది. పాడినవాడికి కావలసింది కలప, ఇనుము మాత్రమే.

అప్పుడు అడ్డుపడిన మనిషి సంస్థానాధీశుడు కాడు, సేనాని కాడు. ఇచికావా ర్యోజో అనే స్థానికుడు. ఆ ఏడే ఆ ఊళ్లో పత్రిక స్థాపించినవారిలో ఒకడు (మన వృత్తివాడని కొంత గర్వంగానే రాస్తున్నాను). కూల్చివేతను వాయిదా వేయమని అధికారులకు అర్జీ పెట్టాడు. 1873లో ఆ కోటలోనే వస్తుప్రదర్శన నిర్వహించి, వచ్చిన సొమ్ముతో శిఖరాన్ని దక్కించుకోవడానికి పూనుకున్నాడు. అంతవరకు సామాన్యులకు ప్రవేశం లేని కోటలోకి ఊరంతా టికెట్టు కొనుక్కుని వెళ్లింది.

అయితే కూల్చకుండా ఆపడం వేరు, కాపాడటం వేరు. కొన్నేళ్లలో శిఖరం ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆవరణలోని మాధ్యమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఉనారి, మరికొందరు కలిసి 1901లో పరిరక్షణ సంఘం పెట్టారు. చందాలు దండి 1903 నుంచి 1913 వరకు మరమ్మతు చేయించారు. రాతి పునాదిలోని 16 స్తంభాలు పుచ్చిపోవడమే ఒరగడానికి కారణం. 1950–55 మధ్య ప్రభుత్వం సమగ్రంగా విప్పి కట్టింది. ఇచికావా, కొబయాషిల ప్రతిమలు కోట ద్వారం వద్ద కంచు ఫలకంపై ఉన్నాయి.

కాగా ఒరుగుదలకు ఊరివారు చెప్పే కారణం వేరు. 1686లో పన్ను బస్తాకు ముప్ఫై షోల నుంచి ముప్ఫై అయిదు షోల దాకా పెంచారు. షో అంటే లీటరున్నర పైచిలుకు. ఇరుగుపొరుగు సంస్థానాలలో మాదిరి ఇరవై అయిదు చాలునని తదా కసుకే నాయకత్వాన రైతులు వేలాదిగా కోటను ముట్టడించారు. ప్రభువు ఊళ్లో లేడు. మంత్రులు కోరినట్లే పత్రం రాసి ఇచ్చారు. జనం ఇళ్లకు చేరిన తరువాత దానిని వెనక్కు లాక్కుని నాయకులను పట్టుకున్నారు. 28 మందిని చంపారు. అందులో పదహారేళ్ల బాలిక కూడా ఉంది. శిలువకు కట్టినప్పుడు కసుకే కోటవైపు చూసి ‘ఇరవై అయిదు షోలు’ అని అరిచాడనీ, ఆ చూపుకు శిఖరం ఒరిగిందనీ కథ. పుచ్చిన స్తంభాల సంగతి తెలిసినా నాకు ఈ కథ కొట్టిపారేయాలనిపించలేదు. ఆ కోటను నిలబెట్టినది ఎవరి ధాన్యమో అది చెబుతున్నది. కసుకే ప్రాంతపువారు ఆ అమరులకు గుడి కట్టారు. దాని ఎదుట 1992లో స్మారక మ్యూజియం తెరిచారు.

ఊళ్లోకి వస్తే నది ఒడ్డున నకామచి వీథి, 1888 అగ్నిప్రమాదం తరువాత మంటకు చెక్కుచెదరకుండా కట్టిన తెలుపునలుపు గోడల గిడ్డంగులు. వాటిలో ఇప్పుడు దుకాణాలు, కాఫీ హోటళ్లు. కొత్త అంగళ్లు కొంత కృత్రిమంగానే ఉన్నాయి. కాని వీథి చివరి ఊటబావి వద్ద ఇంటికి నీళ్లు పట్టుకుపోయే ముసలమ్మలు కృత్రిమం కారు.

తిరిగి వచ్చాక ఒక సాయంత్రం ఎర్రకోట దాకా నడిచాను. 1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ వారు లోపలి ప్రాసాదాలలో అధికభాగం పడగొట్టి బారకాసులు కట్టారు. కోటకూ జామా మసీదుకూ మధ్యనున్న ఇళ్లనూ తుడిచిపెట్టారు. ఊరికీ కోటకూ నడుమ తెగిన బంధం అది. స్వతంత్రం వచ్చాక కూడా సైన్యం అక్కడే ఉండి 2003లో వెళ్లింది. ఈ దీర్ఘకాలంలో ఈ కోట సంగతి తేల్చినవారు ప్రభుత్వాలు, సైన్యం, పురావస్తు శాఖ. చాందినీ చౌక్ వర్తకుడిని ఎవరూ అడగలేదు. అతడూ అడిగినట్లు లేడు. మనకు కోటలపై వివాదాలకు కొదవ లేదు. ఏ రాజు కట్టించాడు, ఏ రాజు కూల్చాడు, ఏ మతంవాడు అన్న తగాదాతో పార్లమెంటు సమావేశాలు గడిచిపోతాయి. ఎవరి పన్నుతో కట్టారన్న ప్రశ్న మాత్రం నేను అక్కడ విన్న జ్ఞాపకం లేదు.

లాహోరీ దర్వాజా ముందు సందర్శకుల వరుసలో ఒక బడిపిల్లల జట్టు నిలబడి ఉంది. ఉపాధ్యాయుడు వారికి షాజహాన్ పేరు, నిర్మాణం పూర్తయిన సంవత్సరం వల్లె వేయిస్తున్నాడు.